లేయమ్మ ముక్క

అనగనగా ఒక వాగు. వాగుకి ఇవతల ఒక పల్లె. పల్లె చివర మట్టిగోడల ప్రార్థన గుడి. ఎప్పటి మాటంటారా? మా అవ్వకి వాళ్ళ అవ్వ చెప్పింది. ఆవిడకి ఎవరు చెప్పారో ఆవిడ చెప్పలేదు. అబద్ధమైతే నా నోట్లో మన్ను, నిజమైతే మీ కంట్లో నీళ్ళు.

ఆ పల్లెలో అందరూ ప్రభువుని నమ్ముకున్నవాళ్ళే. నమ్ముకున్నారు కదా, పోట్లాడుకోరేమో అనుకునేరు. బాగా పోట్లాడుకునేవాళ్ళు. గట్టు దగ్గర పోట్లాడుకునేవాళ్ళు, బావి దగ్గర పోట్లాడుకునేవాళ్ళు, తమ కోడిపెట్ట పక్కింట్లో గుడ్డు పెడితే పోట్లాడుకునేవాళ్ళు. కాకపోతే ఆ పోట్లాటలకి ఒక ముగింపు ఉండేది. ఆ ముగింపు దగ్గరే ఈ కథ మొదలవుతుంది.

పట్నం నుంచి వాక్యం చెప్పే అయ్యగారు కొండదారిన బండి కట్టుకుని ఏడాదికి మూడుసార్లు వచ్చేవారు. నాట్లప్పుడు ఒకసారి, కోతలప్పుడు ఒకసారి, ప్రభువు సిలువపాట్లు తలుచుకునే శ్రమల రోజుల్లో ఒకసారి. ఆయన వచ్చినప్పుడే ప్రభువు బల్ల. మనిషికి ఒక రొట్టె ముక్క, ఒక గుక్క ద్రాక్షరసం. ఆ ముక్క కోసం ముసలివాళ్ళు ప్రాణం బిగబట్టుకుని ఉండేవాళ్ళు. అయితే ఒక కట్టడి ఉంది. సంఘంలో ఏ ఇద్దరి మధ్య పగ ఉన్నా బల్ల లేదు. ఆ ఇద్దరికే కాదు, మొత్తం ఊరికే లేదు. అయ్యగారు రొట్టె మీద కప్పిన గుడ్డ తియ్యకుండానే బండెక్కి వెళ్ళిపోయేవారు.

చుట్టుపక్కల ఊళ్ళలో అలా చాలాసార్లు వెళ్ళిపోయారు. ఈ పల్లెలో మాత్రం ఎన్నడూ వెళ్ళలేదు. అదంతా సంఘపెద్ద గిద్యోను గొప్ప. పోట్లాడుకున్నవాళ్ళని గుడిలో నిలబెట్టి చేతులు కలిపించేవాడు. "నీమీద నాకేమీ లేదు" అని మూడుసార్లు అనిపించేవాడు. మూడోసారి అయ్యేసరికి పగ తీరినట్టే. ఆదివారం చేతులు కలిసేవి, సోమవారం గట్లు తెగేవి. గిద్యోనుకి సోమవారంతో పనిలేదు.

ఆ పల్లెలోనే లేయమ్మ ఉండేది. మొగుడు ఎప్పుడో పోయాడు. సువార్త అని ఒక్కతే కూతురు, చిన్నపిల్ల. లేయమ్మ గుడి ఊడ్చేది, నేల అలికేది, బల్లకి రొట్టె కాల్చేది. చదువు లేదు. పాటందుకుంటే పక్కవాళ్ళు ఆపేసేవాళ్ళు. ప్రార్థన చెయ్యమంటే రెండు మాటలకే ఆమెన్ అనేది.

ఆమెకి ఒకటే వచ్చు. ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చోవడం వచ్చు.

ఎవరింట్లో గొడవైనా గిద్యోను వెళ్ళి, "తప్పెవరిది?" అని అడిగేవాడు. లేయమ్మ వెళ్ళి, "ఎక్కడ నొప్పిగా ఉంది?" అని అడిగేది. అడిగి ఊరుకునేది. వాళ్ళింట్లో చేట అందుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చునేది. ఒకసారి ఇద్దరు తోడికోడళ్ళు రోలు గురించి జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. లేయమ్మ వెళ్ళి రాళ్ళు ఏరింది. చేట ఖాళీ అయ్యేలోపు పెద్దకోడలి నోట అసలు మాట బయటికొచ్చింది. "నా పిల్లాడికి జబ్బు చేసి చావుబతుకుల్లో ఉంటే ఇది గుమ్మంలోకి కూడా తొంగిచూళ్ళేదు లేయమ్మా." చిన్నకోడలు అది విని గోడకి ఆనుకుని ఏడ్చింది. "భయమేసిందక్కా. నా కడుపులోనూ బిడ్డ ఉందప్పుడు," అంది. మర్నాడు గుడిలో చేతులు కలిపించింది గిద్యోనే. మంచిపేరూ గిద్యోనుకే వచ్చింది. వస్తే వచ్చింది, లేయమ్మకి ఆ ఊసే లేదు.

ఒక ఏడు నాట్లప్పుడు వాగు పొంగింది. తెల్లారితే ఆదివారం, అయ్యగారు వచ్చే రోజు. రొట్టెకి గోధుమలు లేవు. గోధుమలు వాగు అవతల సంతలోనే దొరుకుతాయి. వాగు దాటించే తాటిదోనె గిద్యోను కొడుకు ఆశీర్వాదం నడిపేవాడు.

"నీళ్ళు ఎర్రగా వస్తన్నాయి నాన్నా. ఇయ్యాల వద్దు," అన్నాడు ఆశీర్వాదం.

"గోధుమల్లేకపోతే రొట్టె లేదు. రొట్టె లేకపోతే బల్ల లేదు. నా పెద్దరికంలో బల్ల తప్పిందని నలుగురూ అనాలా?" అన్నాడు గిద్యోను. "లేయమ్మ గుడి అలుకుతోంది. దాని పిల్లని తీసుకెళ్ళు. పంటికింద వేసి మంచి గోధుమలేవో చెప్పేస్తది. ఒరే, సంచి జాగర్త. సంచి తడిసిందా, నా గుమ్మం తొక్కొద్దు."

పిల్ల గంతులేసుకుంటూ వెళ్ళింది. మంచి గోధుమలే ఏరింది. తిరిగొచ్చేటప్పుడు నడిమధ్యలో దోనె బోర్లాపడింది.

ఆశీర్వాదం గట్టెక్కాడు. నెత్తిన సంచి ఉంది. పిల్ల లేదు.

"చెయ్యి జారింది," అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు.

పొద్దుగూకే వేళకి వాగు మలుపులో, జమ్ములో దొరికింది పిల్ల. దీపాలు పెట్టేలోగా పూడ్చిపెట్టారు. ఊరంతా లేయమ్మ గుమ్మంలో చేరింది. "గంతుల పిల్ల, గట్టిగా పట్టుకుని ఉండదు," అన్నారు కొందరు. "దేవుడి చిత్తం," అన్నారు కొందరు. "అయినా ఆశీర్వాదం మొనగాడు, ప్రభువు గోధుమలు కాపాడాడు," అన్నారు ఇంకొందరు. గిద్యోను సంచి తెచ్చి తిరగలి పక్కన పెట్టాడు.

"పిల్లని ప్రభువు తీసుకున్నాడు లేయమ్మా. గోధుమలు మాత్రం తడవలేదు చూడు. అద్భుతం. లేచి విసురు."

లేయమ్మ లేచి విసిరింది. ఎలా విసిరిందని నన్నడక్కండి. నేనైతే ఆ తిరగలి రాయి తీసి గిద్యోను నెత్తిన వేసేదాన్ని. ఆమె విసిరింది, పిండి కలిపింది, రొట్టె కాల్చింది, తెల్లగుడ్డ కప్పి గుడికి తెచ్చింది.

ఆదివారం అయ్యగారి ముందు గిద్యోను ఇద్దరినీ నిలబెట్టాడు. ఊళ్ళో ఏ మాటా మిగలకూడదని ఆయన తాపత్రయం. ఆశీర్వాదం చెయ్యి చాపాడు. చెయ్యి వణుకుతోంది. నీమీద నాకేమీ లేదు, నీమీద నాకేమీ లేదు, నీమీద నాకేమీ లేదు అని గబగబా అనేశాడు. అది విని గుడిలో ఎవరికీ నవ్వు రాలేదు, సిగ్గూ రాలేదు. ఆమె బిడ్డ పోతే, ఆమె మీద తనకేమీ లేదంటాడు. అలవాటైన మాటకి అర్థం ఎవరు వెతుకుతారు?

లేయమ్మ ఆ చెయ్యి వంక చూసింది. చాలాసేపు చూసింది.

"ఇంకా రాలేదు," అంది.

"ఏంటి రాలేదు?" అన్నాడు గిద్యోను.

"ఆ మాట పెద్దయ్యా. నోటిదాకా వచ్చింది. కడుపులోంచి రాలేదు. వస్తే చెప్తాను."

అయ్యగారు మెత్తని మనిషి. ఆయన దగ్గరికొచ్చి, "అమ్మా, ప్రభువు సిలువ మీదే మనల్ని క్షమించాడు కదమ్మా," అన్నారు.

"క్షమించాడండి. అయినా నొప్పి దాచుకోలేదు గదండీ. అందరూ వినేట్టు కేకేశాడు. నాకింకా ఆ కేకే రాలేదండీ, అయ్యగారూ. క్షమాపణ ఎట్టా వస్తది?"

అయ్యగారు తల దించుకున్నారు. కానీ కట్టడి కట్టడే. రొట్టె మీద గుడ్డ తియ్యకుండానే బండెక్కారు.

ఇక చూడండి ఊరి నోళ్ళు. పల్లెలో బర్నబా అని ఒక ముసలాయన మంచాన పడి ఉన్నాడు. ఒక్క ముక్క తిని పోదామని ఎదురుచూస్తున్నాడు. లేయమ్మ ఆయన్ని చూడ్డానికి వెళితే గోడవైపు తిరిగి పడుకున్నాడు. వారం తిరక్కుండా పోయాడు. "ముసలాయన ఉసురు పోసుకుంది," అన్నారు. బావి దగ్గర ఆమె కడవ పెడితే మిగతా కడవలు పక్కకి జరిగేవి. ఒకప్పుడు ఏ గుమ్మాల్లో కూర్చుని రాళ్ళు ఏరిందో, ఆ గుమ్మాల్లో ఎవరూ చేట ఇవ్వలేదు.

కోతలకి ముందు ఆశీర్వాదానికి జ్వరం తగిలింది. పెళ్ళాం పుట్టింట్లో ఉంది. తల్లీ తండ్రీ చేలో ఉన్నారు. లేయమ్మ గంజి కాచి మజ్జిగ పోసి తీసుకెళ్ళింది. వాడు కళ్ళు మూసుకుని తాగాడు. మూడు పూటలు అలాగే తీసుకెళ్ళింది. దారిలో ఒకావిడ నిలేసింది.

"మజ్జిగ ఇచ్చావు, మాట ఇవ్వలేవటే?"

"మజ్జిగ కుండలో ఉంది, పోశాను. మాట ఇంకా రాలేదు."

కోతలప్పుడు అయ్యగారు వచ్చారు. ఆశీర్వాదం చెయ్యి చాపాడు. లేయమ్మ ఆ చెయ్యి వంక చూసింది. "ఇంకా రాలేదు," అంది. గుడ్డ తియ్యలేదు. బండి కదిలింది.

శ్రమల రోజులొచ్చేసరికి గిద్యోను బుర్రకి ఒక ఉపాయం తట్టింది. సంఘంలో ఇద్దరి మధ్య పగ ఉంటేనే గదా బల్ల లేనిది? ఒకరు సంఘంలోనే లేకపోతే? చెయ్యి కలపకపోతే చెయ్యి నరికేస్తే సరి. పెద్దలందరినీ కూర్చోబెట్టి లేయమ్మని వెలి వేయించాడు. అయ్యగారికి అది నచ్చలేదు. నచ్చలేదని ఆయన చెప్పనూ లేదు. మెత్తనివాళ్ళ వల్ల లోకానికి జరిగిన చెరుపు ఇంతా అంతా కాదు.

ఆ రోజు బల్ల జరిగింది. రొట్టె గిద్యోను పెళ్ళాం కాల్చింది. అది నమల్లేక పళ్ళున్నవాళ్ళు కూడా మింగేశారట. లేయమ్మ గుడి మెట్టు కింద కూర్చుంది. లోపలి పాటలో తన గొంతు కలపలేదు. ఎలాగూ శ్రుతి కలవదు కదా.

వెలివేసిన మనిషితో మాట్లాడకూడదు. పొయ్యిలోకి నిప్పు ఇవ్వకూడదు. కానీ ఆ ఎండాకాలంలో ఒక వింత జరిగింది. ఊరు ఒక్కరొక్కరుగా దొడ్డిదారిన లేయమ్మ ఇంటికి రావడం మొదలుపెట్టింది. ముందు తోడికోడళ్ళలో పెద్దది వచ్చింది. తర్వాత పొలం గట్టు పోగొట్టుకున్నాయన వచ్చాడు. నీమీద నాకేమీ లేదని గుడిలో చెప్పి, ఇంటికెళ్ళి నిద్రపట్టనివాళ్ళందరూ వచ్చారు. "ఇక్కడైతే తొందరపెట్టవు," అనేవాళ్ళు. ఏడ్చి కళ్ళు తుడుచుకుని, ఎవరూ చూడకుండా పోయేవాళ్ళు. దారిలో కనబడితే మాత్రం మొహం తిప్పుకునేవాళ్ళు. మన జనం సంగతి తెలిసిందే కదా.

ఆఖరికి ఒక మధ్యాహ్నం ఆశీర్వాదం వచ్చాడు.

లేయమ్మ లేవలేదు. చేటలో రాళ్ళు ఏరుతోంది. "ఎక్కడ నొప్పిగా ఉందిరా?" అని అడిగింది.

వాడు అరిచెయ్యి చూపించాడు.

"జారలేదత్తా," అన్నాడు. "ఒక చేత్తో నెత్తిమీద సంచి పట్టుకున్నా. ఇంకో చేత్తో పిల్లని పట్టుకున్నా. ఈదాలంటే ఒక చెయ్యి కావాల. ఏదో ఒకటి వదలాల. నాన్న మాట చెవిలో మోగతా ఉంది. పిల్లని వదిలా. అది వదల్లేదు. నేనే వదిలించుకున్నా."

లేయమ్మ చేతిలో చేట ఆగిపోయింది. అప్పుడొచ్చింది ఆమెకి కేక. అన్నాళ్ళూ రాని కేక. వాగు అవతల సంతలో వాళ్ళకి వినబడిందంటారు. వాడు పారిపోలేదు. అక్కడే కూర్చున్నాడు. ఆ ఒక్క పని వాడు సరిగ్గా చేశాడు.

కేక ఆగాక ఆమె అంది. "నాకు తెలుసురా. గుడిలో చెయ్యి చాపినప్పుడే తెలిసింది. జారిన చెయ్యి అట్టా వణకదు."

"మరి అందరికీ ఎందుకు చెప్పలేదత్తా?"

"నువ్వు చెప్పాల్సింది నేనెట్టా చెప్తాను? ఇదిగో, ఇప్పుడు బయల్దేరింది ఆ మాట. దారిలో ఉంది. గుడిలో నిలబడి చెప్పు. నా బిడ్డ గంతుల పిల్ల అనీ, సరిగ్గా పట్టుకోలేదనీ ఊరంతా అంటన్నారు. ఆ నింద దానిమీద నుంచి తీసెయ్యి. ఆ రోజు మెట్టు కిందే ఉంటాను. నీ చెయ్యి నేనే పట్టుకుంటాను."

చెప్తానన్నాడు. ఒట్టు వేశాడు.

నాట్లొచ్చాయి. ఏడాది తిరిగింది. అయ్యగారు వచ్చారు. లేయమ్మ ఉతికిన చీర కట్టుకుని, చేతులు కడుక్కుని మెట్టు కింద కూర్చుంది. లోపల ఆశీర్వాదం లేచి నిలబడ్డాడు. గిద్యోను కొడుకు వంక చూశాడు.

"ఏంట్రా?"

"ఏం లేదు నాన్నా."

కూర్చున్నాడు. రొట్టె ముక్క తీసుకున్నాడు. తిన్నాడు. బయటికొచ్చి, మెట్టు మీద ఆమె పక్కనించి తలెత్తకుండా వెళ్ళిపోయాడు.

ఆ రోజు లేయమ్మ ఏడ్చింది. ఊళ్ళో ఎవరేడ్చినా పక్కన కూర్చున్న మనిషి. ఆమె పక్కన కూర్చోవడానికి ఒక్కరు లేరు.

కోతల దాకా ఆమె బతకలేదు. మంచాన పడ్డాక తోడికోడళ్ళు ఇద్దరూ ధైర్యం చేసి వీధి గుమ్మంలోంచే వచ్చారు. "వచ్చిందా లేయమ్మా?" అని అడిగారు.

"దగ్గర్లోనే ఉంది. వాడి కోసం ఆగింది," అంది. అదే ఆఖరి మాట.

వెలిపడ్డ మనిషికి సమాధుల తోటలో చోటు లేదన్నాడు గిద్యోను. వాగు మలుపులో, జమ్ము పక్కన పూడ్చారు. పాట లేదు, వాక్యం లేదు. కూతురేమో తోటలో ఉంది, తల్లి వాగు ఒడ్డున ఉంది.

కోతలకి అయ్యగారు వచ్చారు. గుడ్డ తీసేముందు ఎప్పటిలాగే అడిగారు. "ఎవరికైనా ఎవరిమీదైనా ఏమైనా ఉందా?" ఉన్నా లేనట్టు కూర్చోవడంలో వాళ్ళు ఆరితేరినవాళ్ళు.

ఆశీర్వాదం లేచాడు. ఈసారి తండ్రి వంక చూడలేదు.

"నామీద ఒకామెకి ఉంది," అన్నాడు.

"ఎవరికిరా? పిలువు, చేతులు కలిపేద్దాం," అన్నాడు గిద్యోను.

"కలపడానికి చెయ్యేది నాన్నా? ఒకటి నీళ్ళలో వదిలేశాను. ఒకటి మట్టిలో పెట్టాం."

అంతా చెప్పాడు. సంచి సంగతి, చెయ్యి సంగతి, తండ్రి అన్న మాట, ఒట్టు వేసి తప్పిన సంగతి. గుడిలో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అందరూ గిద్యోను వంక తిరిగారు.

"సంచి జాగర్త అన్నాను," అన్నాడు గిద్యోను. "పిల్ల జాగర్త అని వేరే చెప్పాలా?"

ఆయన పశ్చాత్తాపం అంతే. ఆ తర్వాత చచ్చేదాకా ఆయనే సంఘపెద్ద. పెద్ద సమాధి కట్టారు, పేరు చెక్కించారు. ఇప్పుడు దానిమీద పిడకలు ఆరబెడతారు.

అయ్యగారు ఆశీర్వాదానికి రొట్టె ముక్క ఇచ్చారు. వాడు తినలేదు. పళ్ళెంలో తిరిగి పెట్టి, పైన గుడ్డ కప్పాడు. "ఇది లేయమ్మత్తది," అన్నాడు. తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ప్రతి బల్లకీ వచ్చేవాడు. ముక్క తీసుకునేవాడు, గుడ్డ కింద పెట్టేవాడు. "వచ్చిందా ఆశీర్వాదం?" అని అడిగితే, "ఇంకా రాలేదు," అనేవాడు. క్షమించాల్సిన మనిషి పోయాక ఇంకెక్కణ్ణించి వస్తుంది? తినకుండానే పోయాడు.

ఆ గుడి ఇప్పుడు లేదు. దాని చోట రేకుల గుడి ఉంది. కానీ ఆ పల్లెలో నేటికీ బల్లకి ముందు ఎవరూ చేతులు కలిపించరు. "వచ్చిందా?" అని మాత్రం అడుగుతారు. "ఇంకా రాలేదు" అంటే ఎందుకని అడక్కూడదు. ఆ మనిషి ముక్క పళ్ళెంలో ఉంచి గుడ్డ కప్పుతారు. మాట వచ్చిన రోజున, అది మంగళవారమైనా సరే, పిలిచి ఇస్తారు. ఎవరింట్లోనైనా చావైతే, నీతులు చెప్పడానికి ఎవడైనా నోరు తెరిస్తే, ముసలమ్మలు ఊరుకోరు. "గోధుమలు తడవలేదులే నాయనా, ఇక కూర్చో," అంటారు.

అందరికీ పంచాక ఒక ముక్క మిగులుస్తారు. అది లేయమ్మ ముక్క. దాన్ని వాగు మలుపుకి తీసుకెళ్ళి ఆమె మట్టి మీద పెడతారు. తీసుకెళ్ళేవాళ్ళు ఒక చేత్తో ముక్క పట్టుకోవాలి, రెండో చేత్తో ఒక పిల్ల చెయ్యి పట్టుకోవాలి. దారి మంచిది కాదు. వానాకాలం బురద, జారుడు. కాలు జారితే ఏం చెయ్యాలో ఆ ఊళ్ళో పసిపిల్లల్ని అడిగినా చెప్తారు.

ముక్క వదిలెయ్యాలి.